రికార్డు పుస్తకాల యింజనీర్లు

మన కుర్రవాళ్లకు పని చేతకాదని పరిశ్రమాధిపతులు సెలవిస్తున్నారు. నిజమే. అయితే ఆ చేతులు కట్టేసిందెవరు?

యింజనీరింగు కాలేజీల్లో ప్రయోగశాల ఒక తద్దినమైపోయింది. లేత్ యంత్రం దగ్గర ఒక్కడు చక్రం తిప్పుతాడు. తక్కినవారు నిరుటివాడి రికార్డులోంచి అంకెలు యెక్కించుకుంటారు. తాను తీసిన కొలత పుస్తకంతో సరిపడకపోతే, యెందుకు సరిపడలేదని వెతకటమే చదువు. కాని వెతికినవాడికి మార్కులు తెగుతాయి, దిద్ది రాసినవాడికి నిండుగా పడతాయి. నాలుగేళ్లు అబద్ధం నేర్పి ఆనక వాపోవటం యెంత వింత!

"సిద్ధాంతం ముందు, పని తరవాత" అనే పండితులున్నారు. 1847లో రూర్కీ కాలేజీ పుట్టింది, తవ్వుతున్న గంగా కాలువకు మనుషులు కావలసి గదా! పరాయి పాలకుడు తన అవసరంకొద్దీ చేశాడనుకోండి. అయినా పని పక్కనే చదువు పెట్టాడు.

యిక సహకారం మాట. 1955 నుంచి 1967 దాకా నాగార్జునసాగర్ ఆనకట్టను రాళ్లు కొట్టేవారు, మేస్త్రీలు, యింజనీర్లు కలిసి రాతితో లేపారు. కలిసి లెక్క చేస్తే కాపీ అనే పరీక్ష అటువంటి వృత్తికి మనిషిని యెట్లా తయారు చేస్తుంది?

2018లో ఎ.ఐ.సి.టి.ఇ. నమూనా పాఠ్యప్రణాళిక క్రెడిట్లను 160కి తగ్గించి యింటర్న్‌షిప్పు తప్పనిసరి చేసింది. మంచిదే. కాని ముందు నలుగురేసి కుర్రవాళ్లకు విప్పి బిగించుకోటానికి ఒక పాత మోటారు యివ్వండి. పక్కన మేస్త్రీని బోధకుడి హోదాలో నిలబెట్టండి. లోపం పట్టుకున్న జట్టుకే మార్కులు వేయండి.