మీ ప్రశ్న - మా జవాబు

ఒక పాఠకుడు, నయాపూల్:
కాలేజీ రోజుల్లో ఎన్.సి.సి.లో విమానం నడిపాను. సంసారంలో పడి మానేశాను. మళ్ళీ ఎగరాలంటే ఆస్తులు అమ్ముకోవాలా?

జవాబు:
అక్కర్లేదు గురువుగారూ, మైక్రోలైట్ ఉందిగా! ఇద్దరు పట్టే బుల్లి విమానం. మనుషులతో, పెట్రోలుతో కలిపినా దాదాపు 450 కిలోలే. ఇప్పుడు ఎన్.సి.సి. కుర్రాళ్ళు నడిపే వైరస్ ఎస్.డబ్ల్యు.-80 ఈ జాతిదే. పేరు చూసి జడవకండి, అది స్లొవేనియా పిల్ల! 80 గుర్రాల ఇంజను. కారు పెట్రోలుతోనూ నడుస్తుంది. అందుకే ఖర్చు తక్కువ. అలాగని సైకిలంత చౌక కాదు సుమా!

సినిమా హీరో అయితే ఎక్కగానే ఎగిరిపోతాడు. మీకు డాక్టరు పరీక్ష, లైసెన్సు, పక్కన గురువుతో కొన్ని గంటల సాధన తప్పవు. తేలిక విమానాన్ని చిన్న గాలి కూడా ఆటపట్టిస్తుంది. పాత అలవాటొక్కటే కాపాడదు. మూసీ మీద చక్కర్లంటారా? అవి గాలిపటాలకే వదిలెయ్యండి!