గృహిణీ కర్తవ్యము: మసి సోకిన వస్తువుల శుద్ధి



ఇంట నగ్నిప్రమాదము సంభవించి, మంటలారి, ఇంటిల్లిపాదియు క్షేమముగా బయటపడిన పిమ్మట గృహిణికి మిగులునది మసి. వంటయింట రేగిన మంట తక్కిన గదులను తాకకున్నను, పొగ మాత్రము బీరువాలలోనికి, టెలివిజను, కంప్యూటరుల కడుపులోనికి సైతము చొచ్చును. దీనిని వట్టి మురికియని పలువురు తలంతురు. కాని యిది నివురుగప్పిన నిప్పు.

ఏలన, నేటి యిండ్లలో విద్యుత్తీగల తొడుగులు పెక్కు పీవీసీ యను ప్లాస్టిక్కుతో చేయబడినవి. అది కాలినపుడు వెలువడు హైడ్రోజన్ క్లోరైడు వాయువు తేమతో గలిసి ఆమ్లమై, మసితో గూడ లోహములకంటి, వానిని దినదినమును తినివేయును. కావున జాగు చేసినకొలది నష్టము పెరుగును.

అట్లని తొందరపడి, పనిచేయునో లేదో చూతమని మీట నొక్కరాదు. మసి విద్యుత్తును ప్రవహింపజేయును గాన, చెడని భాగములును చెడగలవు. తడిగుడ్డతో తుడిచిన మసి మరింత యలముకొనును. బీమా గలవారు ముందుగా ఛాయాచిత్రములు తీయించి, వస్తువులను పొడిచోట నుంచి, శీఘ్రముగా నిపుణుల కొప్పగింపవలయును.

నిపుణులు వాడు సాధనములలో అతిధ్వని తొట్టి యొకటి. సెకనునకు 20,000 కంపనములు మించిన ధ్వని మన చెవికి వినబడదు. ఈ తొట్టి యడుగున నమర్చిన పలకలు సాధారణముగా సెకనునకు 40,000 మారులు కంపించును. అందుచే నీటిలో కంటికానని బుడగలు పుట్టి, మరుక్షణమే కూలి, బ్రష్షు చొరని సందులలోని మసిని సైతము వదలించును. విద్యుత్తుచే స్ఫటికము రూపుమారు నీ ధర్మమును 1881వ సంవత్సరమున నిరూపించిన సోదరులలో నొకరు, తరువాతి కాలమున మేరీ క్యూరీకి భర్తయైన పియేర్ క్యూరీ.

ఇత్తడి, స్టీలు, గాజు వస్తువుల కిది మిక్కిలి యనుకూలము. యంత్రములలోని సర్క్యూటు పలకలను గూడ నిట్లు కడిగి, లవణములు లేని నీట జాడించి, పూర్తిగా నారబెట్టుదురు. బ్యాటరీలను ముందే తీసివేయుదురు. తెరలను, హార్డుడిస్కులను ముంచరు.

ముత్యములు, పగడములు, పచ్చలు, లక్క నింపిన నగలు, బీటలువారిన పింగాణి, పాత ఛాయాచిత్రములు ఈ తొట్టికి తగవు. చిన్న తొట్టిని కొని యింటనే వాడు సోదరీమణులు అందు పెట్రోలు, స్పిరిటు వంటివి పోయరాదు. నడచుచుండగా చేయి పెట్టరాదు. పొగ సోకిన ఆహారమును, మందులను శుద్ధి చేయ జూడక పారవేయుడు.

తుదకొక్క మాట. నిపుణుడు వస్తువు వెలను జూచి, బాగుచేయు ఖర్చు మించినచో పారవేయుమనును. అత్తగారిచ్చిన దీపపుకుందె, బిడ్డల బాల్యచిత్రములున్న పాత కంప్యూటరు అతని లెక్కకు రావు. కావున వస్తువుల నొప్పగించుటకు మున్నే, తప్పక దక్కవలసిన వాని పట్టికను గృహిణియే స్వహస్తముతో వ్రాసి యీయవలెనని మా మనవి.