ఊదుగొట్టం పట్టిన చేతులకు ఎయిర్ స్క్రూ ఎంత?

మా మామ కొన్న హీరో హోండా సీడీ 100 ఇంకా మా వాకిట్లోనే ఉంది. ఇప్పుడు మా ఆయన నడుపుతారు. నిరుడు ఎండాకాలం అది మొరాయించడం మొదలుపెట్టింది. ఆగినచోటల్లా ఆఫ్ అయిపోవడం, వెనక నల్లపొగ, పెట్రోలు ఖర్చేమో దాదాపు రెండింతలు. మెకానిక్‌కు చూపిస్తే ప్రతిసారీ ఒక స్క్రూ అటూ ఇటూ తిప్పి, వంద రూపాయలు తీసుకొని పంపేవాడు. నాలుగు రోజులకు మళ్ళీ మామూలే. చివరికి "పాతబండి గదక్కా, ఇంతే. అమ్మేసుకోండి" అన్నాడు. మా అబ్బాయి ఇదే అదనని కంతుల మీద కొత్త బండికి లెక్కలు వేశాడు. నెలకు మూడువేల పైమాటే. ఆ మూడువేలు ఏ ఖర్చులో కోయాలో చూసుకోవాల్సింది మాత్రం నేనే కదా!

ఒకరోజు నేనూ షాపుకు వెళ్ళాను. ప్లగ్గు విప్పి పక్కన పెట్టాడు. కొస మసిబారి నల్లగా ఉంది. చూడగానే నాకు మా స్టవ్వు గుర్తొచ్చింది. బర్నరుకు గాలి చాలకపోతే మంట పసుప్పచ్చగా లేచి గిన్నెల అడుగులు మసి పడతాయి. గాలి సరిపోతే నీలం మంట. కట్టెల పొయ్యి ముందు ఊదుగొట్టం పట్టుకొని కళ్ళు మండించుకున్నవాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

"దీనికి గాలి ఆడ్తాండాదా అబ్బీ? గాలి పోయే దోవ చూసినావా?" అన్నాను.

"నీకెందుకక్కా ఇవన్నీ" అని నవ్వాడు. నేను కదల్లేదు. పక్క మూత విప్పాడు. లోపల స్పాంజి ఫిల్టరు తెల్లటి దుమ్ము పట్టి అట్టకట్టుకుపోయింది. మా బనగానపల్లె చుట్టూ నాపరాళ్ళ గనులు, బండల పాలిష్ ఫ్యాక్టరీలు. మా ఆయన రోజూ పోయేది ఆ దారినే. నేను కిటికీల మీద రోజూ తుడిచేది ఆ దుమ్మునే!

ఆ తర్వాత కొంచెం చదివి, అడిగి తెలుసుకున్నాను. కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు 15 కిలోల గాలి కావాలట. ఆ పాళ్ళు కలిపేది కార్బురేటర్. ఎయిర్ స్క్రూ బిగిస్తే గాలి తగ్గుతుంది, వదులు చేస్తే పెరుగుతుంది. కానీ బండి ఆగి ఉన్నప్పుడు, కొద్దిగా రేజ్ చేసినప్పుడు మాత్రమే దాని పెత్తనం. గాలి వచ్చే దారే మూసుకుపోతే స్క్రూ ఎంత తిప్పి ఏం లాభం? ఉప్పెక్కువైన కూరలో కారం తగ్గించినట్టు.

ఫిల్టరు కడిగి, ఆరబెట్టి, కాస్త ఆయిలు పట్టించి, పిండి బిగించాడు. ఇంజను వేడెక్కాక స్క్రూను చివరిదాకా మెల్లగా, ఒత్తిడి లేకుండా బిగించి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పాడు. అక్కణ్ణుంచి కొంచెం కొంచెంగా కదుపుతూ, శబ్దం ఎక్కడ నిలకడగా ఉందో అక్కడ ఆపాడు. తర్వాత ఐడిల్ స్క్రూతో వేగం తగ్గించాడు. వారం తర్వాత ప్లగ్గు చూస్తే ఇటుకరంగులో ఉంది. అదే సరైన రంగట. గాలి మరీ ఎక్కువైనా ముప్పే, ప్లగ్గు తెల్లబడి ఇంజను కాగిపోతుంది. కొత్త బండి మాట ప్రస్తుతానికి మా ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 నిబంధనలు వచ్చాక కొత్త బండ్లలో దాదాపుగా కార్బురేటర్లే లేవు, పాళ్ళు కంప్యూటరే చూసుకుంటుంది. "ఇంక ఇవన్నీ తెలిసి ఏం లాభం?" అంటారేమో. ఎయిర్ ఫిల్టరు మాత్రం మీ అమ్మాయి నడిపే స్కూటీలోనూ ఉంది. అది కాగితం రకమైతే కడగకూడదు, మార్చాలి. ఈసారి సర్వీసుకు ఇచ్చినప్పుడు, ఫిల్టరు విప్పి చూపించమని అడగండి.

నా బాధ బండి గురించి కాదు. "నీకెందుకక్కా" అన్న మాట గురించి. మంటకు ఎంత గాలి కావాలో పుట్టినప్పటినుంచీ చూస్తున్నవాళ్ళం మనం. పెట్రోలుకు చాలని డబ్బు పోపులడబ్బాలోంచి తీసిచ్చేదీ మనమే. ఖర్చు మనదైనప్పుడు, ఆ ఖర్చెందుకవుతోందని అడిగే మాట మనది కాకుండా ఎలా పోతుంది?