అచ్చు ఎలా వేశారో చీటీ మీద రాయండి

ఆరంగుళాల చదరపు బ్లాకు ఒకటి చేతికిచ్చి, ఐదున్నర మీటర్ల పొడవు, 45 అంగుళాల వెడల్పు ఉన్న చీర నిండా అచ్చు వేయమంటే చెయ్యి దాదాపు 270 సార్లు లేచి పడాలి. అదీ ఒక్క రంగుకు. నల్ల గీతకొకటి, ఎరుపుకొకటి, మధ్యలో నింపే రంగుకొకటి చొప్పున మూడు బ్లాకుల డిజైనైతే లెక్క 800 దాటుతుంది. ప్రతిసారీ బ్లాకును రంగు ట్రేలో అద్ది, పక్క అచ్చు అంచుకు సరిగ్గా ఆనించి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్ది పైకి తీయాలి. కృష్ణా జిల్లా పెడనలో అద్దకం పనివాళ్లు రోజూ చేసేది ఇదే.

ఆ చీర డిసెంబరులో హైదరాబాద్ శిల్పారామంలో జరిగే ఆలిండియా క్రాఫ్ట్స్ మేళాకో, విజయవాడలో ఏ కల్యాణమండపంలోనో పెట్టే ఎగ్జిబిషన్‌కో చేరుతుంది. పక్క స్టాల్లో అదే మామిడి పిందె, అదే నెమలి, అదే ఇటుక ఎరుపుతో ఇంకో చీర వేలాడుతూ ఉంటుంది. అది స్క్రీన్ మీద వేసింది కావచ్చు, ఏ మిల్లులోనో డిజిటల్ యంత్రం నుంచి దిగింది కావచ్చు. ధర సగమో, అంతకన్నా తక్కువో. రెండింటి మీదా చీటీ మాత్రం ఒకటే: కలంకారీ. కొనేవాళ్లు ఏం చేస్తారు? చవకదే తీసుకుంటారు. పైగా మొదటి స్టాల్ ఆయన్ని "మరీ ఇంత రేటా అండీ?" అని నిలదీసి మరీ వెళ్తారు. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. చీటీ చెప్పిందే వాళ్లు నమ్మారు.

ఇక్కడ కోరేది పెద్ద పథకమేమీ కాదు. ప్రదర్శనలో అమ్మే ప్రతి అద్దకపు గుడ్డ మీదా చేతి బ్లాకు, స్క్రీన్, యంత్రం అన్న మూడింటిలో ఏదో ఒక మాట రాసి ఉండాలి. ఆ మాట రాయనివాళ్లకు స్టాల్ ఇవ్వకూడదు. అంతే.

ఆ ఒక్క మాట వెనక ఎంత పని ఉందో తెలియాలంటే పెడన పద్ధతి కొంచెం చూడాలి. గాడా గుడ్డకున్న గంజి పోయేదాకా ఉతికి, కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. కరక్కాయలోని వగరే తర్వాత రంగును పట్టి నిలిపేది. పాలలోని కొవ్వు అద్దిన రంగు పక్కకు పాకకుండా చూస్తుంది. నల్ల గీతకు వాడేది కసిమి. ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి, పులియబెట్టి తీసిన ద్రవమది. కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే నల్లబడుతుంది. ఎరుపు సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. ఎర్రగా రావలసిన చోట బ్లాకుతో అద్దేది అసలు ఎరుపు రంగే కాదు, పటిక. అద్దిన గుడ్డను కొన్నాళ్లు ఉంచి, పారే నీళ్లలో జాడించి, ఆ తర్వాత రాగి కాగులో ఎరుపు రంగు వేసి ఉడికిస్తారు. పటిక ఉన్నచోటే ఎరుపు నిలుస్తుంది. తక్కిన చోట్ల ఉతుకులకూ ఎండకూ వెలిసిపోతుంది. నీరు పారేదే ఎందుకంటే, నిలవ నీట్లో ఊడిన పటిక పక్కన అంటుకుంటే తెల్లగా ఉండాల్సిన చోట ఎర్ర మరకలు తేలతాయి. కాలువలో నీళ్లున్నప్పుడు పని ఒకలా, లేనప్పుడు ఇంకోలా నడుస్తుంది. ముసురు పట్టిన వారం నడవనే నడవదు.

కలంకారీ అన్న పేరు ఈ పనికొక్కదానికే లేదు. శ్రీకాళహస్తిలో ఇంచుమించు ఇవే సరుకులతో వెదురు కలంతో బొమ్మ గీస్తారు. మచిలీపట్నం, పెడన ప్రాంతంలో బ్లాకుతో అద్దుతారు. రెండింటికీ వేర్వేరుగా భౌగోళిక గుర్తింపు ఉంది.

బ్లాకు అద్దకానికి మొదటి చెయ్యి బ్లాకు చెక్కేవాళ్లది. బాగా ఆరిన టేకు చెక్కను చదును చేసి, డిజైన్‌ను దాని మీదికి దించి, గీతకూ గీతకూ మధ్య ఉన్న చెక్కను సన్న ఉలులతో తవ్వి తీస్తారు. రంగుకో బ్లాకు. అన్నీ ఒకే చోట వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలి. చెక్క కాస్త వంగినా డిజైన్ చెడినట్టే, అందుకే నూనె పట్టిస్తారు. గుజరాత్‌లో గాంధీనగర్ పక్కనున్న పేథాపూర్ ఈ ఒక్క పనితోనే దేశమంతా పేరు తెచ్చుకుంది. పెడనలో చెక్కేవాళ్లు మిగిలింది కొద్దిమందే. ప్రదర్శనలో చీర కనబడుతుంది, అద్దిన మనిషి అప్పుడప్పుడు కనబడతాడు, చెక్కిన మనిషి దాదాపు ఎన్నడూ కనబడడు. జపాన్‌లో 'ఎదో' (Edo) అని పిలిచే పాత కాలపు చెక్క అచ్చు బొమ్మల్లో కొన్నింటి మీద చిత్రకారుడి పేరుతోపాటు చెక్కినవాడి పేరు కూడా అచ్చు వేసేవారు. మన చీటీ మీద ఆ పేరు రాయడానికి అర అంగుళం చోటు చాలు.

ప్రభుత్వాల లెక్కలోనూ ఈ పనివాళ్లు జారిపోతూనే ఉన్నారు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. వడ్రంగులు, దర్జీలు, రజకులు, బొమ్మలు చేసేవాళ్లు, చేపల వలలు అల్లేవాళ్లు అందులో ఉన్నారు. బ్లాకు అద్దకం లేదు. బ్లాకు చెక్కేవాళ్లు వడ్రంగుల కింద చేరతారో లేదో అధికారులే చెప్పాలి. చేనేతకు 1985 నాటి చట్టం ఒకటి ఉంది. మొదట 22 రకాల బట్టలను మగ్గానికే కేటాయించి, తర్వాత 11కు కుదించారు. ఆ రక్షణ కూడా నేత వరకే. నేసిన గుడ్డ మీద అద్దకం చేతితో జరిగిందా, యంత్రంతో జరిగిందా అన్నది ఆ చట్టానికి పట్టదు.

ఈ అద్దకపు బట్టను ఆపడానికి ఒకప్పుడు దేశాలే చట్టాలు చేశాయి. ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ ఓడ మచిలీపట్నం తీరానికి వచ్చింది 1611లో, డచ్చివాళ్లు అంతకు ముందే వచ్చి కూర్చున్నారు. ఉతికినా రంగు వదలని కోరమాండల్ తీరపు పూల బట్టలంటే యూరప్ జనం ఎంత ఎగబడ్డారంటే, అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లు వీధులకెక్కారు. ఫ్రాన్స్ 1686లో అద్దకపు నూలు బట్టలను నిషేధించింది, 1759 దాకా ఎత్తివేయలేదు. ఇంగ్లండ్ 1700లో దిగుమతి ఆపింది. తెల్ల గుడ్డ తెప్పించుకుని లండన్‌లోనే అచ్చు వేసుకోవడం మొదలయ్యేసరికి 1721లో అసలు కట్టుకోవడమే తప్పన్నది. అంత దూరం ఇప్పుడు ఎవరూ పోనక్కర్లేదు. దేన్నీ నిషేధించకుండానే, ఉన్నదున్నట్టు రాయిస్తే సరిపోతుంది.

స్క్రీన్ ప్రింటింగ్‌ను దొంగపని అనడం మాత్రం అన్యాయం. పెడనలోనే స్క్రీన్ యూనిట్లున్నాయి, ఎన్నో కుటుంబాలు వాటి మీద బతుకుతున్నాయి. చవకలో అందమైన చీర కావాలనుకోవడం నేరం కాదు, దాన్ని తయారుచేయడమూ నేరం కాదు. స్క్రీన్ చీరను స్క్రీన్ చీరగా అమ్ముకుంటే దాని గిరాకీ దానికి ఉంటుంది. బ్లాకు చీర పేరుతో అమ్మినప్పుడే పేచీ. ఆ మాటకొస్తే, 'పూర్తిగా ప్రకృతి రంగులు' అని చెప్పుకునే బ్లాకు అద్దకందారులు కూడా కాస్త తగ్గాలి. ఎరుపు కోసం చిరివేరు వాడే రోజులు పోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఎక్కువగా వాడే అలిజరిన్ 1869 నుంచీ ఫ్యాక్టరీల్లో తయారవుతున్నదే. చీటీ నిజం చెప్పాలంటే అందరి విషయంలోనూ చెప్పాలి.

చట్టం లేదా అంటే ఉంది. 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం కింద నమోదైన పేరును దొంగగా వాడితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. కానీ స్టాల్లో వేలాడే చీర మీద 'మచిలీపట్నం' అన్న మాట ఉండదు, వట్టి 'కలంకారీ' అనో, 'కలంకారీ ప్రింట్' అనో ఉంటుంది. అది ఊరి పేరు కాదు, కేసు నిలవడం కష్టం. పైగా ఒక్కో అద్దకందారుడు అధీకృత వినియోగదారుడిగా విడిగా నమోదు చేయించుకోవాలి. పొద్దంతా బల్ల దగ్గర నిలబడే మనిషి సూరత్ మిల్లు మీద కోర్టుకెళ్తాడనుకోవడం కాగితం మీది ఆశ.

అందుకే ఈ పని కోర్టు కన్నా ముందు ప్రదర్శన గేటు దగ్గరే జరగాలి. స్టాల్ ఎవరికి ఇవ్వాలో నిర్ణయించేది నిర్వాహకులు. దరఖాస్తు వాళ్లది, షరతులు వాళ్లవి. ఢిల్లీలో 1994లో దిల్లీ హాట్ పెట్టినప్పుడు స్టాళ్లు 15 రోజులకోసారి చేతులు మారాలన్న నియమం పెట్టింది, చేసినవాళ్లే వచ్చి అమ్ముకోవాలనే. ఏడాదికోసారి జరిగే సూరజ్‌కుండ్ హస్తకళల మేళా 1987లో పుట్టిందీ ఆ ఉద్దేశంతోనే. ఆచరణలో జరిగేది వేరు. హస్తకళాకారులకు కేంద్రం ఇచ్చే గుర్తింపు కార్డు ఒకరిది, స్టాల్లో సరుకు మరొకరిది అన్న ఫిర్యాదు ప్రదర్శనల చుట్టూ తిరిగేవాళ్ల నోట ఎప్పుడూ వినబడేదే. నిజంగా అద్దేవాళ్లకు పది రోజులు స్టాల్లో కూర్చోవడమంటే పది రోజులు బల్ల ఖాళీ. దానికి తోడు స్టాల్ అద్దె, రైలు ఖర్చు, బస, అమ్ముడుపోని సరుకును మళ్లీ మూటగట్టి మోసుకెళ్లడం. సరుకు కొని తిప్పే వ్యాపారికి ఈ బెడద లేదు, ఇంకో ఊళ్లో ఇంకో స్టాల్ ఉంటుంది. ఒకే అద్దె, ఒకే నియమం ఇద్దరికీ పెడితే చివరికి మిగిలేది వ్యాపారే.

తనిఖీ ఎవరు చేస్తారు, గుమాస్తాకు బ్లాకేదో స్క్రీనేదో ఏం తెలుస్తుందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. జవాబు కష్టం కాదు. చేతి బ్లాకు అని రాసి స్టాల్ కోరినవాళ్ల ముందు ఒక బల్ల, ఒక మీటరు గుడ్డ పెట్టి, వాళ్ల బ్లాకుతోనే వాళ్లను అద్ది చూపమనాలి. పక్కన అనుభవమున్న అద్దకందారులు ఇద్దరుంటే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. జపాన్ 1974లోనే సంప్రదాయ హస్తకళలకు చట్టం చేసి, వందేళ్ల చరిత్ర, ప్రధాన దశలన్నీ చేతిపని వంటి షరతులు పెట్టి, తనిఖీ నెగ్గిన వస్తువుకే ముద్ర చీటీ అంటించే పద్ధతి తెచ్చింది. 'ఎదో' చెక్క అచ్చు బొమ్మలు 2007లో ఆ జాబితాలో చేరాయి. అక్కడ తనిఖీ చేసేది తయారీదారుల సంఘాలే. పెడన అద్దకందారులు అదే పని చేయలేరనుకోవడానికి కారణం లేదు.

కొనేవాళ్లు కూడా కాస్త కన్ను పెట్టి చూడవచ్చు. చేతి బ్లాకైతే డిజైన్ ప్రతి ఆరు, ఎనిమిది అంగుళాలకూ మళ్లీ మొదలవుతుంది, అచ్చుకూ అచ్చుకూ మధ్య అతుకు దగ్గర గీత కాస్త తప్పడమో, రంగు కాస్త ముదరడమో ఉంటుంది. మూలల్లో అంచు మలుపు తిరిగేచోట అద్దిన మనిషి సర్దుబాటు కనిపిస్తుంది. స్క్రీన్‌లో అతుకులు దూరందూరంగా ఉంటాయి, ప్రతి పువ్వూ ఒకేలా దిగుతుంది. డిజిటల్ ప్రింటైతే చాలా వరకు గుడ్డ వెనకవైపు వెలవెలబోతుంది. ఇవి పూర్తి గుర్తులు కావు. అతుకు తప్పుల్ని కూడా స్క్రీన్ మీద కావాలని వేసే గడుగ్గాయిలున్నారు. అందుకే కంటితో ఆగకుండా చీటీ దాకా వెళ్లాలి.

శిల్పారామం నిర్వాహకులు, ఆంధ్రప్రదేశ్‌లో లేపాక్షి, తెలంగాణలో గోల్కొండ ఎంపోరియంలు నడిపే సంస్థలు వచ్చే డిసెంబరు దాకా ఆగక్కర్లేదు. స్టాల్ దరఖాస్తులో ఒక గడి, తమ దుకాణాల్లో అమ్మే గుడ్డ మీద ఒక పంక్తి చేర్చడానికి ఏ అసెంబ్లీ అనుమతీ అక్కర్లేదు. అంతదాకా పాఠకులు చేయగలిగింది ఒకటుంది. కలంకారీ కొన్నప్పుడు బిల్లు మీద 'చేతి బ్లాకు అద్దకం' అని రాసి సంతకం పెట్టమని అడగండి. రాయనంటే పక్క స్టాల్ చూసుకోండి.