గీత గీయకముందే మా వెంట నడవండి

కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన నాలుగో విడతకు 2024 సెప్టెంబర్ 11న కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. 70,125 కోట్ల రూపాయలు, 62,500 కిలోమీటర్లు, సరైన రోడ్డు లేని 25,000 ఆవాసాలు, 2028-29 దాకా గడువు. అంకెలు ఘనంగానే ఉన్నాయి. వాటి మీద నాకు పేచీ లేదు. ఆ పథకం నిబంధనల్లో ఓ మూలన ఉన్న ఒక నడక గురించి రాయాలని కూర్చున్నాను.

దాన్ని ఇంజినీర్లు ట్రాన్సెక్ట్ వాక్ అంటారు. అంచనాలు తయారు కాకముందే ఇంజినీరు, సర్పంచ్, రెవెన్యూ ఉద్యోగి, మహిళా వార్డు సభ్యులు, అడవి తగిలితే అటవీ శాఖ మనిషి, అందరూ కలిసి రోడ్డు పడబోయే దారి పొడవునా నడవాలి. ఎవరి భూమి పోతుందో, ఏ చెట్టు కొట్టాల్సి వస్తుందో, నీళ్లు ఎటు పారతాయో అక్కడికక్కడే తేల్చుకోవాలి. నష్టపోయేవాళ్లు ఏమైనా చెప్పుకుంటే వినాలి. అనుకున్నదంతా రాసి, అందరికీ చదివి వినిపించి, సర్పంచ్, కార్యదర్శి సంతకాలతో ప్రాజెక్టు నివేదికకు జతచేయాలి. ఈ నిబంధన రాసినవారు ఎవరో గానీ పల్లెను ఎరిగినవారు. జాతీయ రహదారి పడితే భూమి పోయే రైతుకు అభ్యంతరం చెప్పుకోవడానికి 21 రోజులు ఇస్తారు. అప్పటికే గీత గీసి, గెజిట్‌లో వేసి ఉంటారు. మీ పథకం గీత గీసే ముందే అడగమంటుంది. అందుకే ఈ ఉత్తరం రహదారుల శాఖకు కాకుండా మీకు రాస్తున్నాను.

జరిగే తీరు మాత్రం వేరు. మా మహబూబాబాద్ జిల్లాలో అలాంటి నడక ఒకటి చూశాను. ఏ రోడ్డు, ఏ ఆఫీసు అన్నది ఇక్కడ అక్కర్లేదు. యాసంగి నాట్ల రోజులు. పొద్దున పది దాటాక వచ్చారు. ఆ వేళకు ఊళ్లో మంచం పట్టిన ముసలివాళ్లు తప్ప ఎవరుంటారు? ఆడా మగా అందరూ మళ్లలో దిగి ఉన్నారు. ముందురోజు డప్పు చాటింపు లేదు, పంచాయతీ బోర్డు మీద రాసిందీ లేదు. జీపు దిగి కొంత దూరం నడిచారు. బొడ్రాయి దగ్గర ఫొటో దిగారు. కిరాణం కొట్టుకు ఉప్పు కోసం వచ్చిన ఇద్దరు ఆడవాళ్లను పిలిచి ఆ ఫొటోలో నిలబెట్టారు. మహిళా భాగస్వామ్యం అలా పూర్తయింది. మిగతా దారి జీపులోంచే చూశారు. తర్వాత తయారైన కాగితంలో ‘అభ్యంతరాలు ఏమీ లేవు’ అని ఉంది. అబద్ధం అనడానికి లేదు. అభ్యంతరం ఉన్నవాళ్లు ఆ వేళకు నాటు వేస్తున్నారు.

వాళ్లు నడవని ఆ మిగతా దారిలోనే ఒక ఒర్రె ఉంది. యాసంగిలో చూస్తే అందులో కాలు కూడా తడవదు. రెండు సిమెంటు పైపులు వేసి మోరీ కడితే చాలని ఎవరికైనా అనిపిస్తుంది. రోజూ ఆ దారిన గొర్లు తోలుకుపోయే పెద్దమనిషిని అడిగితే, నోటితో చెప్పడానికి ముందు కర్రతో చూపిస్తాడు. ఒర్రె పక్కన తుమ్మచెట్టు కొమ్మల్లో గడ్డి, పత్తికట్టె, చిరిగిన యూరియా సంచి చిక్కుకుని ఎండిపోయి ఉంటాయి, మనిషి ఛాతీ ఎత్తున. ‘‘పోయిన వానకాలం నీళ్లు గాడిదాక వచ్చినయి సారూ’’ అంటాడు. సర్వే పరికరం నేల మట్టం చెప్తుంది. వరద మట్టం చెప్పేది ఆ యూరియా సంచి.

ఇది కాకతీయుల నాటి నుంచీ గొలుసుకట్టు చెరువుల నేల. పై కుంట మత్తడి దుంకితే ఆ నీళ్లు ఒర్రెలో పడి కింది చెరువుకు చేరాలి. అది నిండితే దాని కింది చెరువుకు. ఇక్కడ ఏ రెండూళ్లను కలిపి రోడ్డు వేసినా ఏదో ఒకచోట నీళ్ల దారిని అడ్డంగా దాటక తప్పదు. మోరీ చాలకపోతే రోడ్డే కట్ట అవుతుంది. ముందు ఎగువ రైతు పొలం మునుగుతుంది. తర్వాత రోడ్డు తెగుతుంది. తెగినచోట దిగువ రైతు పొలంలో ఇసుక మేట వేస్తుంది. ఇద్దరూ పరిహారం కోసం మండల ఆఫీసు చుట్టూ తిరుగుతారు. కంట్రాక్టరు వచ్చి అదే చోట మళ్లీ మొరం పోస్తాడు, పైపులు మాత్రం అవే.

మీ నాలుగో విడత ఆమోదం పొందడానికి పది రోజుల ముందు, 2024 సెప్టెంబర్ 1 నాటికి ఆకేరు, మున్నేరు పొంగి మా జిల్లా, ఖమ్మం జిల్లా ఏమయ్యాయో టీవీల్లో దేశమంతా చూసింది. కేసముద్రం, ఇంటికన్నె మధ్య కట్ట కొట్టుకుపోయి రైలు పట్టాలు గాల్లో వేలాడాయి. అంత వానకు ఏ లెక్కలూ నిలవవని ఇంజినీర్లు అంటారు. కావచ్చు. నేను తిరిగి చూసిన మేరకు మాత్రం పల్లె రోడ్లు ఎక్కడ పడితే అక్కడ తెగలేదు. ‘ఈడ తెగుతది’ అని పెద్దలు ముందునుంచీ అంటున్న చోటనే తెగాయి. ఆ మాట ఏ నివేదికలోనూ లేదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు.

ఊరి లోపలి సీసీ రోడ్లు అన్నీ మీ పద్దులోవి కావు, కొన్ని ఉపాధి హామీ నిధులతో మీ శాఖ నుంచే వచ్చాయి. పాత సీసీ మీద కొత్త సీసీ, దాని మీద మరొకటి పోసుకుంటూ పోయారు. ఒకప్పుడు వాకిట్లోంచి రెండు మెట్లెక్కి అరుగు మీద కూర్చునేవాళ్లు. ఇప్పుడు రోడ్డు మీంచి ఇంట్లోకి దిగుతున్నారు. వాన ముసురుకుంటే గడప ముందు ఇసుక సంచులు పేర్చుకుంటారు. పాతది తవ్వి వేయండయ్యా అని ఆ వాడ ఆడవాళ్లు మొత్తుకున్నారు. తవ్వకానికి అంచనాలో పద్దు లేదని జవాబు. అంచనా వేయకముందు వాళ్లను అడిగి ఉంటే పద్దు ఉండేదేమో.

ఇక భూమి. ఈ పథకం నిధుల్లో భూసేకరణకు పైసా లేదు. జాగా చూపించే బాధ్యత రాష్ట్రానిది. రాష్ట్రం దాన్ని మండలానికి, మండలం సర్పంచ్‌కు నెట్టేస్తుంది. సర్పంచ్ రాత్రిపూట రైతు ఇంటికి పోయి ‘ఊరి కోసం’ అంటాడు. పదెకరాల ఆసామికి నాలుగు గుంటలు పోతే పోయింది, రోడ్డు పక్కన మిగిలిన భూమికి రేటు పెరుగుతుంది. ఎకరం ఉన్నవాడికీ అవే నాలుగు గుంటలు పోతే? ఊరంతా రోడ్డు కావాలంటుంటే వద్దని చెప్పే ధైర్యం అతనికి ఎక్కడిది? సంతకం పెడతాడు. కాగితంలో అది దానం. ఊరి మాట వినడమంటే అందులో గొంతు చిన్నవాడి మాట విడిగా వినడం కూడా. కౌలు రైతు అయితే ఆ కాగితంలో కనిపించనే కనిపించడు.

అంతకంటే ముందే తేలాల్సిన లెక్క ఇంకొకటి ఉంది. రోడ్డు ఎవరికి దక్కాలో చెప్పడానికి మీరు జనాభా హద్దులు పెట్టారు. మైదానంలో 500, గిరిజన, కొండ ప్రాంతాల్లో 250, నక్సల్ ప్రభావిత జిల్లాల్లో 100. తలలు లెక్కించేది 2011 జనగణన నుంచి. ఆ జనగణన లెక్క రెవెన్యూ గ్రామానిది, తండాది కాదు. మా జిల్లా నిండా తండాలే. కొత్తగూడ, గంగారం వైపు పోతే గూడేలు. ఒక రెవెన్యూ గ్రామం కింద ఆరేడు తండాలుంటే ఏ తండాకు ఎంతమంది అన్నది ఎవరో టేబుల్ దగ్గర కూర్చుని విడగొట్టిన అంకె. 500 మీటర్ల లోపున్న ఆవాసాలను కలిపి లెక్కించవచ్చని మీ నిబంధనే చెబుతోంది. ఏ తండాను ఏ తండాతో కలపాలో ఆ తండావాళ్లకు తెలియదా? తెలంగాణ ప్రభుత్వం 2018లో 500 జనాభా దాటిన తండాలను విడి పంచాయతీలు చేసింది. ఆ పంచాయతీల గ్రామసభల ముందు ఈ జాబితాను పెట్టి, తప్పులుంటే దిద్దించి, ఆ తర్వాతే ఢిల్లీకి తెప్పించుకోండి. కొత్త జనగణన లెక్కలు వచ్చేదాకా ఇంతకంటే నమ్మకమైన లెక్క మీకు దొరకదు.

గ్రామసభ అంటే మీ అధికారులు నవ్వవచ్చు. నవ్వే పరిస్థితి ఉంది కూడా. 2025 జనవరిలో ఇందిరమ్మ ఇళ్లు, రేషన్ కార్డుల జాబితాలు చదవడానికి తెలంగాణ అంతటా గ్రామసభలు పెడితే జనం విరగబడి వచ్చారు, అరిచారు, కొన్నిచోట్ల కుర్చీలు లేచాయి. పేరు ఉందా లేదా అన్నదానికి వచ్చే జనం, రోడ్డు ఎటు పోవాలన్నదానికి ఎందుకు రారు? వాళ్ల అనుభవంలో రోడ్డు సంగతి ఎక్కడో తేలిపోయి వస్తుంది. చెప్పిన మాట ఏమైందో తిరిగి ఎవరూ చెప్పరు. పోయినసారి చెప్పిన మాటకు జవాబు వస్తే ఈసారి మనుషులు వస్తారు. అడిగినదల్లా ఇవ్వమని కాదు. మోరీ పెద్దది చేయలేమంటే ఎందుకు చేయలేమో నాలుగు ముక్కలు తెలుగులో రాసి పంచాయతీ గోడకు అంటించండి. నివేదిక ఇంగ్లిషులో ఉంటే ఉండనీయండి, జవాబు మాకు అర్థం కావాలి.

మేరీ సడక్ యాప్ ఉంది కదా అంటారేమో. 2015 నుంచీ ఉంది, మంచిదే. గుంత ఫొటో తీసి పంపవచ్చు. ఐదేళ్లపాటు మరమ్మతులు కంట్రాక్టరే చూడాలన్న షరతూ మంచిదే. కానీ రోడ్డు కుంటకు ఆ పక్కనుంచి పోవాల్సింది అని చెప్పడానికి ఏ యాప్‌లో ఏ ఫొటో పెట్టాలి?

బస్సు గురించి రెండు మాటలు. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం. టికెట్ లేదు సరే, మా వైపు చాలా తండాలకు బస్సే లేదు. తారు రోడ్డు ఉంటుంది, పల్లెవెలుగు మాత్రం మెయిన్ రోడ్డు మీంచే పోతుంది. డిపోలో అడిగితే బస్సు తిప్పుకోవడానికి జాగా లేదనో, మూల మలుపు ఇరుకనో చెబుతారు. అవి రోడ్డు గీసేనాడు సరిచేయగలిగినవే. నడకలో డిపో మనిషి ఒకరుంటే అక్కడే చెప్పేవాడు. ఉచిత ప్రయాణం ఉన్న ఆడమనిషి ఆటోకు డబ్బులిచ్చి మెయిన్ రోడ్డు దాకా రావడం చూస్తూనే ఉన్నాం.

మా తప్పు కూడా దాచను. మీ రోడ్డు పడగానే మేం దాని మీద ముందు చేసే పని వడ్లు ఆరబోయడం. తర్వాత మక్కలు. సగం రోడ్డు వడ్లది, అంచున రాళ్లు. రాత్రి బండి మీద వచ్చేవాడు ఆ రాళ్లకు తగిలి పడతాడు. ఇంజినీరు అడిగినప్పుడు ‘మాకు రోడ్డు ఇందుక్కూడా కావాలి’ అని ఏ రైతూ చెప్పడు, నేనూ చెప్పలేదు. ఉపాధి హామీలో కట్టిన కల్లాల మీద 2022లో మీ శాఖకు, రాష్ట్ర ప్రభుత్వానికి జరిగిన తగువు మీకు గుర్తుండే ఉంటుంది. ఆ తగువులో ఎవరిది ఒప్పో తేల్చడం నా పని కాదు. కల్లం లేనంతకాలం రోడ్డే కల్లం. ఎన్ని హెచ్చరిక బోర్డులు పెట్టినా అంతే. రోడ్డూ కల్లమూ ఒకే గ్రామసభలో, ఒకే ప్రణాళికలో చూడవచ్చు కదా. రెండూ మీ శాఖవే.

మంత్రి గారూ, కొత్త చట్టం అడగడం లేదు. ఉన్న నడకను నిజంగా నడిపించమంటున్నాను. రెండు రోజుల ముందు ప్రతి తండాలో డప్పు వేయించండి. పొద్దు వాలాక, పనుల నుంచి జనం తిరిగొచ్చే వేళ పెట్టండి. గొర్ల కాపరులను, నాట్లకు పోయే ఆడవాళ్లను పేరు పెట్టి పిలిపించండి. వాళ్లకు తెలిసిన దారులు సర్పంచ్‌కు కూడా తెలియవు. రాసుకున్న కాగితం ఆ ఊరి గ్రామసభ ఆమోదం పొందాకే అంచనాకు పోవాలని రాష్ట్రాలకు రాయండి.

ఒక పని మాత్రం ఆలస్యం లేకుండా చేయాల్సి ఉంది. 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ ఎన్నికల దాకా తెలంగాణ పంచాయతీల్లో సర్పంచులు లేరు, వార్డు సభ్యులు లేరు, ప్రత్యేకాధికారులే ఉన్నారు. ఆ రోజుల్లో నడక కాగితాలు తయారైన రోడ్లు ఏవైనా ఉంటే, వాటి మీద ఊరి తరఫున సంతకం చేసింది ఊరు ఎన్నుకోని మనిషి. వాటిలో టెండరు పిలవనివి పక్కకు తీసి, కొత్త సర్పంచులతో మళ్లీ నడిపించండి. జూలై, ఆగస్టుల్లో పెట్టిస్తే ఒర్రెల్లో నీళ్లు కూడా ఉంటాయి.

ఇట్లు,
మహబూబాబాద్ జిల్లా నుంచి ఒక రైతు