గోల్ కొట్టేవాణ్ని ఎలా ఎంచుకుంటున్నాం?



2024లో మన గచ్చిబౌలి స్టేడియంలో భారత ఫుట్‌బాల్ జట్టు మూడు మ్యాచ్‌లు ఆడింది. మారిషస్‌తో గోల్ లేని డ్రా, సిరియా చేతిలో 0-3 ఓటమి, మలేసియాతో 1-1. మూడింట్లో కలిపి మనం కొట్టింది ఒక్కటే గోల్. అదీ కార్నర్ నుంచి వచ్చిన బంతిని డిఫెండర్ రాహుల్ భేకే తలతో కొట్టింది. ఆ ఏడాదంతా జట్టుకు ఒక్క గెలుపూ లేదు. చివరికి జూన్‌లో రిటైరైన సునీల్ ఛెత్రిని, నలభై ఏళ్ల వయసులో, 2025 మార్చిలో మళ్లీ రప్పించుకున్నారు.

దేశంలో స్ట్రైకర్లే లేరని అందరూ సరిపెట్టుకుంటున్నారు. నేను ఒప్పుకోను. ఎంచుకునే పద్ధతి లేదు. ఐఎస్ఎల్‌ క్లబ్బులు గోల్ ముందు నిలబడే చోటు ఎక్కువగా విదేశీయుడికే ఇస్తున్నాయి. మనవాళ్లు వింగ్‌కి జరుగుతున్నారు. జాతీయ జట్టు దగ్గరికొచ్చేసరికి, ఏడాది పొడుగునా లైను పక్కన పరుగెత్తిన కుర్రాణ్ని తెచ్చి నడిమధ్య నిలబెట్టి గోల్ కొట్టమంటున్నాం. బార్కాస్ మైదానంలో సాయంత్రం ఆడే పిల్లల్ని అడిగినా ఆ రెండూ వేర్వేరు పనులని చెబుతారు.

అదే గచ్చిబౌలిలో 2024 డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగింది. కేరళపై ఇంజురీ టైమ్‌లో బెంగాల్‌ను గెలిపించిన గోల్ రొబి హాన్స్‌డాది. టోర్నీలో అతని గోల్స్ 12. ఇలాంటివాళ్లు రేపే అంతర్జాతీయ మ్యాచ్ ఆడేయాలని నేననడం లేదు. కానీ గోల్ ముందు నిలబడడమే పనిగా పెట్టుకున్నవాళ్లను శిబిరానికి పిలిచి, నెలల తరబడి తీర్చిదిద్దకపోతే ఛెత్రి తర్వాత ఎవరన్న ప్రశ్నకు జవాబు ఎక్కణ్నుంచి వస్తుంది?

ఇక బెంచి సంగతి. ఇప్పుడు ఐదుగురిని మార్చుకోవచ్చు. మనం మాత్రం పదకొండు మందిని ఏరాక మిగిలినవాళ్లను బెంచి మీద కూర్చోబెట్టి, ఎనభయ్యో నిమిషంలో అలసినవాడి స్థానంలో అదే తరహా ఆటగాణ్ని దింపుతున్నాం. అది ఊపిరి మార్పే గానీ ఆట మార్పు కాదు. 2025 అక్టోబర్‌లో సింగపూర్‌లో జరిగిన ఆసియా కప్ అర్హత మ్యాచ్‌లో పది మందితో ఆడుతూ ఓటమి అంచున ఉన్నప్పుడు, బెంచి మీద నుంచి వచ్చిన రహీం అలీ ప్రత్యర్థి తప్పిదాన్ని అందుకుని తొంభయ్యో నిమిషంలో సమం చేశాడు. అలాంటి గోల్‌ను అదృష్టానికి వదిలేయకూడదు. ఐదు రోజులకే గోవాలో అదే సింగపూర్ 2-1తో మనల్ని ఓడించింది. 2027 ఆసియా కప్ ఆశ పోయింది.

అవసరానికి తగ్గవాణ్ని ఎంచుకుని దింపే విద్య మన ఊరివాడే నేర్పాడు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును, దేశ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం కాలంలో ఈ ఐదు మార్పుల వెసులుబాటు లేదు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో థాయ్‌లాండ్ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. మరొకరైతే అతణ్ని ఇంటికి పంపేవారు. రహీం సాబ్ సెమీఫైనల్లో అతణ్ని సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. దక్షిణ వియత్నాంపై గోల్ కొట్టాడు, ఫైనల్లో దక్షిణ కొరియాపై మళ్లీ కొట్టాడు. 2-1, స్వర్ణం. పేరు చూడలేదు, అలవాటైన స్థానం చూడలేదు, ఆ రోజు ఎదుటి రక్షణను ఛేదించడానికి ఎలాంటివాడు కావాలో చూశారు. 

అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యను నేను కోరేది ఇదే. జట్టును ప్రకటించేటప్పుడే బెంచి మీది ఫార్వర్డ్ ఎందుకున్నాడో కోచ్ తేల్చుకోవాలి. ఒకడు గాల్లో బంతిని గెలిచేవాడై ఉండాలి, మరొకడు అలసిన డిఫెండర్ల వెనక్కి దూసుకుపోయేవాడై ఉండాలి. ఒక గోల్ వెనకబడి ఉన్నామనుకుని ఆఖరి అరగంటను శిబిరంలోనే వాళ్లతో ఆడించాలి. మ్యాచ్‌లో అరవయ్యో నిమిషానికల్లా దింపాలి. సంతోష్ ట్రోఫీ మ్యాచ్‌లకు జాతీయ కోచ్ మనుషులు వచ్చి కూర్చుని, సెంటర్‌లో ఆడేవాళ్ల పేర్లు రాసుకుని వెళ్లాలి.

– ఒక ఫుట్‌బాల్ అభిమాని,
గౌలిపురా, హైదరాబాద్ పాతబస్తీ