పొరుగువాడి గడప దాటాకే ప్రభువు బల్ల

యూదుల ఎలూలు నెల రాగానే సమాజమందిరాల్లో ఉదయ ప్రార్థనల వేళ పొట్టేలుకొమ్ము బూర మోగుతుంది. నిద్రలో ఉన్న మనస్సాక్షిని తట్టి లేపడానికే ఆ ధ్వని అని వారి పెద్దలు చెబుతారు. తరువాతి నెల తిష్రీ. ఆ నెల మొదటి రోజున కొత్త సంవత్సరం, పదవ రోజున యోమ్ కిప్పూర్, అంటే మన బైబిలులోని ప్రాయశ్చిత్తార్థ దినం వస్తాయి. ఈ పది రోజులూ వారికి పశ్చాత్తాప దినాలు. పండుగంటే పిండివంటలూ కొత్తబట్టలూ గుర్తొచ్చే మనకు ఇది వింతగానే తోస్తుంది. ప్రాయశ్చిత్తార్థ దినాన సుమారు 25 గంటలపాటు అన్నపానాలుండవు, స్నానముండదు, తోలుచెప్పులు సైతం తొడగరు.

లేవీయకాండము 16వ అధ్యాయం ఈ దినాన్ని వివరిస్తుంది. ఏడాదిలో ఆ ఒక్క రోజే ప్రధాన యాజకుడు అతిపరిశుద్ధ స్థలంలో ప్రవేశించాలి. అదీ వైభవ వస్త్రాలు విడిచి, సాదా నారబట్టలు ధరించి, ముందు తన పాపం కోసం కోడెను అర్పించి! రెండు మేకల్లో ఒకటి బలి అయ్యేది. రెండోదాని తలమీద ప్రజల పాపాలు ఒప్పుకుని దానిని అరణ్యానికి పంపేవారు. క్రీ.శ. 70లో రోమీయులు యెరూషలేము దేవాలయాన్ని కూల్చాక బలులు ఆగాయి కానీ ఆ దినం ఆగలేదు. పశ్చాత్తాపం, ప్రార్థన, దానధర్మాలతో యూదులు దానిని నేటికీ ఆచరిస్తున్నారు. యూదు ఆచారాలను అనుసరించే బెనే ఎఫ్రాయిము తెలుగు కుటుంబాలు మన గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలోనూ ఉన్నాయి.

మరి క్రైస్తవులమైన మనం కూడా ఈ దినాలను ఆచరించాలా? కొందరు విశ్వాసులు బూరలు తెప్పించి ఊదుతున్నారు కూడా. హెబ్రీ పత్రిక 9, 10 అధ్యాయాలు దీనికి సూటిగా జవాబిస్తాయి. క్రీస్తు తన స్వరక్తంతో ఒక్కసారే ప్రవేశించి నిత్య విమోచన సంపాదించాడు. ఛాయ పోయి నిజస్వరూపం వచ్చింది. కనుక ఆ దినాన్ని విధిగా ఆచరించనక్కరలేదు. ఒక జాతి కన్నీటితో కాపాడుకున్న దినాన్ని వేడుకగా అరువు తెచ్చుకోవడం వారికి గౌరవమూ కాదు.

అయితే దీనికి మించిన ప్రమాదం మరొకటుంది. సిలువ మీద అంతా తీరిపోయింది కదా అని చేతులు దులుపుకోవడం! యూదుల మిష్నా గ్రంథంలో ఈ దినం గురించిన భాగం ఒక గట్టి మాట చెబుతుంది. దేవునికి విరోధంగా చేసిన పాపానికి ఆ దినం ప్రాయశ్చిత్తం కలిగిస్తుంది. పొరుగువాడికి చేసిన అన్యాయానికి మాత్రం అతణ్ని సమాధానపరచేదాకా కలిగించదు. అందుకే ఆ పది రోజుల్లో వారు నొప్పించినవారి దగ్గరికి వెళ్లి క్షమాపణ అడుగుతారు. ఒకసారి కాదంటే మూడుసార్లయినా వెళ్లి అడగాలని 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమొనిడీస్ బోధించాడు.

ప్రభువు కొండమీద చెప్పింది ఇదే కాదా? (మత్తయి 5:23,24) అర్పణ బలిపీఠం ఎదుటే వదిలి, ముందు సహోదరునితో సమాధానపడమన్నాడు. గమనించండి, మనకు ఎవరిమీద కోపముందో ఆయన అడగలేదు. మనవల్ల ఎవరికి బాధ కలిగిందో జ్ఞాపకం చేసుకోమన్నాడు.

తండ్రి పొలం కోసం కోర్టుకెక్కిన అన్నదమ్ములు ఒకే పాత్రలోంచి ద్రాక్షారసం తీసుకుంటారు. పలకరింపుల్లేని రెండు కుటుంబాలు ఏళ్ల తరబడి ఒకే మందిరంలో చెరోవైపు కూర్చుంటాయి. కూలివాడి డబ్బు ఎగ్గొట్టిన చెయ్యి కానుకలపెట్టెలో నోటు వేస్తుంది. ఇది క్రీస్తు రక్తాన్ని ఘనపరచడమా, చవక చేయడమా? జక్కయ్య రక్షణ పొందిన రోజునే, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు.

యోమ్ కిప్పూర్ మధ్యాహ్నం సమాజమందిరాల్లో యోనా గ్రంథం చదువుతారు. నీనెవె వారు గోనెపట్ట కట్టుకున్నారు నిజమే. కానీ దేవుడు చూసింది వారు చెడునడతను మానడం (యోనా 3:10). మనకు బూర అక్కరలేదు, పంచాంగమూ అక్కరలేదు. క్షమించే దేవుడు అన్ని దినాల్లోనూ సమీపంగానే ఉన్నాడు. వచ్చే ఆదివారం బల్ల దగ్గరికి రాకముందే ఆ ఒక్క గడప తొక్కుదాం. పొలం గట్టయినా, బాకీ కాగితమైనా, మాటైనా, తిరిగి ఇవ్వవలసింది ఇచ్చివద్దాం.